'వనవాసి' పట్టుకుని అడవికి బయల్దేరే ముందు

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవల 'ఆరణ్యక్'కి తెలుగు అనువాదం 'వనవాసి', ఆ వెంటనే కేశవరెడ్డి గారి నవల 'అతడు అడవిని జయించాడు' చదివారు. డిసెంబరులో పది రోజులు సెలవు దొరికింది. హైదరాబాద్ నుంచి నలుగురు బయల్దేరుతున్నారు, అందులో మీ చెల్లెలు కూడా ఉంది. మనిషి అడుగు పడని అడవి కావాలి, గైడు వద్దు, టెంటు మాదే, నాలుగైదు చోట్లు చుట్టి రావాలి, వీలైతే 'వనవాసి'లోని అడవి లవటులియా కూడా చూడాలి అన్నారు. పాతికేళ్లుగా నల్లమలకీ, శేషాచలానికీ మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లి వస్తున్నవాణ్ని. నాకు తెలిసింది చెబుతాను. కొంత మీకు నచ్చకపోవచ్చు.

ముందు చేదు మాట. లవటులియా లేదు. విభూతిభూషణ్ 1920లలో బిహార్‌లోని భాగల్పూర్ వైపు ఒక ఎస్టేటులో ఉద్యోగం చేశాడు. ఆ అడవి బతుకు గురించి ఏదో ఒకటి రాయాలని 1928లోనే డైరీలో రాసుకున్నాడు. పుస్తకం 1939లో వచ్చింది. ఇది యాత్రాకథ కాదు, డైరీ కాదు, నవల అని ముందుమాటలో ఆయనే చెప్పాడు. అయినా మనం మ్యాపు తీసి వెతుకుతాం. నేనూ వెతికాను. ఇవాళ పూర్ణియా వైపు వెళ్తే మీకు కనిపించేది కనుచూపు మేర మొక్కజొన్న. అందులో ఆశ్చర్యం ఏముంది? ఆ అడవిని ముక్కలు చేసి రైతులకు సాగుకివ్వడమే కదా నవలలో కథ చెప్పే ఎస్టేటు మేనేజరు సత్యచరణ్ ఉద్యోగం. అతను ప్రేమించిన అడవిని అతనే కొట్టించాడు, పుస్తకం మొదట్లోనే ఆ తప్పు ఒప్పుకున్నాడు. చాలామంది వెన్నెల వర్ణనల దగ్గర ఆగిపోయి ఈ సంగతి మర్చిపోతారు.

ఇంకో సంగతి కూడా మర్చిపోతారు. సత్యచరణ్‌కి అడవి మొదట అస్సలు నచ్చలేదు. కలకత్తా స్నేహితులు, లైబ్రరీ, సినిమా లేకుండా ఎలా బతకాలా అని తల పట్టుకున్నాడు. అప్పుడే ఎస్టేటు ఆఫీసులో ఉండే పెద్ద గుమాస్తా గోష్టబాబు, కొన్నాళ్లు ఉండండి, ఈ అడవి మిమ్మల్ని పట్టుకుంటుంది, తర్వాత మీరే కదలరు అంటాడు. అలాగే అయింది, కానీ దానికి నెలలు పట్టింది. మీరు పది రోజుల్లో నాలుగైదు చోట్లు అంటున్నారు. కారులో సగం రోజులు పోతాయి. కాబట్టి నా సలహా ఒక్కటే: ఒకటి రెండు చోట్లే పట్టుకోండి, ఒక్కోచోట కనీసం నాలుగు రాత్రులు ఉండండి, తోడుగా ఆ ఊరి మనిషిని పెట్టుకోండి. మిగతాదంతా దీని కిందే వస్తుంది.

గైడు వద్దన్నారు కాబట్టి నా కథ ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందటి మాట. నేనూ ఇద్దరు మిత్రులూ, సంచిలో 'వనవాసి', పైన పౌర్ణమి. సత్యచరణ్ గుర్రం మీద వెన్నెల్లో తిరిగినట్టు మేం నడుస్తాం అనుకున్నాం. పర్మిషన్ లేదు, అడగాలన్న జ్ఞానం కూడా లేదు. నల్లమల అంచున ఒక ఊరి దగ్గర బస్సు దిగి, పశువుల బాట పట్టుకుని లోపలికి వెళ్లాం. పశువుల బాటతో చిక్కు ఏమిటంటే అది ఎక్కడికీ వెళ్లదు. మేత కోసం పాయలు పాయలుగా చీలిపోతుంది. పగలు గుర్తుపట్టగలిగిన చెట్టు రాత్రి వెన్నెల్లో వేరే చెట్టు. రెండు గంటల్లో దారి తప్పాం. ముగ్గురికీ కలిపి రెండు లీటర్ల నీళ్లున్నాయి. ఒక బండ మీద కూర్చుని తెల్లారే దాకా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రాత్రంతా ఏదో జంతువు కింద ఆకుల్లో తిరిగింది. దాని పేరు ఇప్పటికీ తెలియదు. పొద్దున్నే ఒక చెంచు పెద్దాయన వచ్చాడు. మమ్మల్ని చూసి నవ్వలేదు, కోప్పడలేదు. "ఎవర్నడిగి వచ్చిన్రు?" అన్నాడు అంతే. మేం కూర్చున్న బండ నుంచి ఊరు నడిస్తే అరగంట కూడా లేదు. ఆ బండకి ఒక పేరుంది, దాని పక్క వాగుకి ఒక పేరుంది, మేం ఎవరూ లేరనుకుని రాత్రంతా భయపడ్డ చోట వాళ్ల తాతల కాలం నుంచీ తేనె తీస్తున్నారు.

'మనిషి అడుగు పడని అడవి' అన్న మాట అప్పట్నుంచీ నేను వాడటం మానేశాను. నల్లమలలో అప్పాపూర్, మేడిమల్కల, రాంపూర్ ఇలా చెంచు పెంటలు, అంటే వాళ్ల గూడేలు, ఎన్నో ఉన్నాయి. 1940 ప్రాంతంలో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త వచ్చి వాళ్లతో ఉండి పుస్తకం రాశాడు. కొండచరియకు తాడు కట్టి తేనె దించేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది. అక్కనో చెల్లెల్నో విధవను చేసుకోడు కదా, అందుకే అతని చేతికి ప్రాణం ఇస్తారు. అడవిలో ఎవర్ని నమ్మాలన్నది వాళ్లు ఎంత ఆలోచించి పెట్టుకున్నారో చూడండి. మనం యూట్యూబ్ వీడియో నమ్మి లోపలికి వెళ్తాం.

సరే, ఎక్కడికి? మీ నలుగురికీ మొదటిసారి కాబట్టి నల్లమలే చెబుతాను. తెలంగాణ వైపు అమ్రాబాద్ టైగర్ రిజర్వు, సుమారు 2,600 చదరపు కిలోమీటర్లు. కృష్ణకు అవతల నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు. ఒకప్పుడు రెండూ ఒకటే, రాష్ట్రం విడిపోయాక వేరయ్యాయి. మన్ననూరులో అటవీశాఖ వాళ్లే బస ఏర్పాటు చేస్తారు, సఫారీలో ఫర్హాబాద్ వ్యూ పాయింట్‌కి తీసుకెళ్తారు. నిజాం కాలంలో అది వేటకు వచ్చే చోటు. అంచున నిలబడితే కింద కొండలు ఒకదాని వెనక ఒకటి మడతలు పడి కనిపిస్తాయి. జీపు ఆగినప్పుడు ఇంజను ఆపమని డ్రైవర్‌ని అడగండి. పది నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. ఆ పది నిమిషాల కోసమే నేను ఇప్పటికీ వెళ్తాను.

ఆంధ్ర వైపు వెళ్లాలనుకుంటే ఆత్మకూరు దగ్గర బైర్లూటి. అక్కడ అటవీశాఖ క్యాంపు ఉంది, టెంట్లూ కాటేజీలూ వాళ్లవే, చెంచు కుర్రాళ్లు పనిచేస్తారు. నా ఓటు దీనికే. మన్ననూరు రోడ్డు మీద ఉంది, శ్రీశైలం వెళ్లే బండ్ల చప్పుడు వినిపిస్తుంది. బైర్లూటిలో రాత్రి నిజంగా రాత్రిలా ఉంటుంది.

మీ టెంటు సంగతి. వద్దు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. రిజర్వు ఫారెస్టులో ఎక్కడ పడితే అక్కడ టెంటు వేసి నిప్పు రాజేస్తే కేసు పెడతారు, పెట్టాలి కూడా. ఫిబ్రవరి దాటితే నల్లమలలో ఆకంతా రాలి, ఒక బీడీ ముక్కకి కొండ కాలిపోతుంది. 'ఆన్‌లైన్‌లో ఆఫ్‌బీట్ క్యాంపింగ్' అని అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. కిందటి ఏడాది ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చి మొత్తుకుంది. డబ్బు ముందే కట్టించుకుని, అనుమతి ఉందని చెప్పి, తీరా చెక్‌పోస్టు దగ్గర దింపి ఫోన్ ఎత్తలేదట. డబ్బు కట్టే ముందు ఆ అనుమతి కాగితం ఫొటో పంపమనండి. పంపకపోతే వదిలేయండి.

రాత్రి నడక ఆశ కూడా వదులుకోండి. పులి గురించి మీకు టెన్షన్ ఉంటుంది, నాకు లేదు. నాకు భయం ఎలుగుబంటితో. పులి మనిషిని ముందే పసిగట్టి తప్పుకుంటుంది. ఎలుగుకి చూపు తక్కువ, పుట్ట తవ్వుకుంటూ తల లోపల పెట్టి ఉంటుంది, మీరు పక్కకి వచ్చేదాకా తెలియదు, తెలిశాక ఉలిక్కిపడి మీద పడుతుంది. మొహం మీదే కొడుతుంది. అందుకే పగలు నడిచేటప్పుడు కూడా మామూలుగా మాట్లాడుకుంటూ నడవాలి. ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున చెట్ల కింద అసలు తిరగొద్దు. ఆ పువ్వు మనుషులకెంత ఇష్టమో దానికీ అంతే.

ఇప్పుడు మీ రెండో నవల. తప్పిపోయిన సూడి పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి వెళ్తాడు. కేశవరెడ్డి గారిది చిత్తూరు జిల్లా. జీవితమంతా నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు వ్యాధిగ్రస్తులకు వైద్యం చేశారు, రాసింది ఎక్కువగా సొంత సీమ గురించే. ఆ అడవి గాలి కొంతైనా తగలాలంటే తలకోన వెళ్లండి. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా నెరబైలు, అక్కణ్నుంచి లోపలికి. జలపాతం 270 అడుగులు. ఆదివారం వెళ్తే అక్కడ మీకు దొరికేది జనం, స్పీకర్ల మోత. మంగళవారమో బుధవారమో వెళ్లి అక్కడే అతిథిగృహంలో పడుకోండి. పొద్దున ఆరింటికి, జనం రాకముందు, గిల్లతీగలు చూడండి. మనిషి నడుమంత లావున చెట్టు నుంచి చెట్టుకి పాకి ఉంటాయి, వాటి కాయ మూరెడు పైనే. ఊరివాళ్లను వెంట తీసుకెళ్తే బంగారు బల్లి కూడా చూపిస్తారు, తడి బండల నీడలో దాక్కుని ఉంటుంది.

కానీ శేషాచలంలో బాట దిగొద్దు. ఇది మామూలు జాగ్రత్త కాదు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ కొండల చుట్టుపక్కలే. దాని కోసం దొంగలూ, వాళ్ల కోసం పోలీసు టాస్క్‌ఫోర్సూ రాత్రింబవళ్లు తిరుగుతారు. సంచీ తగిలించుకుని లోపల తిరిగే కొత్తవాళ్లను ఇద్దరూ అనుమానిస్తారు. పైగా ఏనుగులు కూడా ఉన్నాయి. నవలలో ముసలివాడు అడవిని చెవితోనూ ముక్కుతోనూ చదువుతాడు. మనకి ఆ అక్షరాలు రావు. వెంట వచ్చే కుర్రాణ్ని అడుగుతూ ఉండండి, ఇది ఏం చప్పుడు, ఈ పెంటిక దేనిది, ఈ గీరు ఎవరు గీశారు అని. వాళ్లు మొదట సిగ్గుపడతారు, రెండో రోజుకి మాటలు వస్తాయి. రెండో రోజు ఉండటం ఎందుకు ముఖ్యమో అక్కడ తెలుస్తుంది.

విభూతిభూషణ్ కోసమే ఎక్కడికైనా వెళ్లాలని పట్టుదల ఉంటే లవటులియా కోసం బిహార్ తిరగొద్దు, జార్ఖండ్‌లో ఘాట్‌శిలకు వెళ్లండి. ఆయన ఇల్లు 'గౌరీకుంజ్' అక్కడే ఉంది, 1950లో పోయింది కూడా ఆ ఊళ్లోనే. సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఖరగ్‌పూర్‌లో దిగితే, టాటానగర్ వైపు వెళ్లే రైళ్లు ఘాట్‌శిల మీదుగానే పోతాయి. ఊరి పక్కన సువర్ణరేఖ, ఫుల్‌డుంగ్రి గుట్ట, కొంచెం దూరంలో బురుడి చెరువు, ధారాగిరి జలపాతం. చిన్న ఊరు, నడిచి తిరగొచ్చు. సాయంత్రం పూట ఫుల్‌డుంగ్రి ఎక్కి సాల చెట్ల కింద కూర్చోండి. సాల అంటే మన గుగ్గిలం చెట్టే. మార్చిలో వెళ్తే అది పూతలో ఉంటుంది, ఆదివాసీల సర్హుల్ పండగా అప్పుడే. మీ సెలవు డిసెంబరులో కాబట్టి పూత దొరకదు, చలి మాత్రం బాగా దొరుకుతుంది, స్వెట్టర్లు పెట్టుకోండి. సారండా అడవి కూడా చూస్తాం అంటారేమో. అందమైనదే, ఏడు వందల కొండలంటారు. చాలాకాలం మావోయిస్టుల ప్రాంతం, లోపల మందుపాతరల భయం ఉండేది. అటవీశాఖ వాళ్లు ఇవాళ ఏ దారి తెరిచి ఉంచారో స్వయంగా కనుక్కోకుండా వెళ్లొద్దు. మొదటి యాత్రకి నేనైతే పంపను.

అన్నట్టు, ఆఫ్రికా అడవుల మీద 'చాందేర్ పహాడ్' రాసిన విభూతిభూషణ్ ఆఫ్రికా ఎప్పుడూ వెళ్లలేదు. పుస్తకాలు చదివి, మ్యాపులు చూసి రాశాడు. చోటు చూడకుండా అంత బాగా రాసినవాడు, చూసిన భాగల్పూర్ అడవి గురించి రాసేటప్పుడు పక్షుల కంటే మనుషుల గురించే ఎక్కువ రాశాడు. నాట్యమాడి బతికే ధాతురియా, పూజలూ పుస్తకాలూ తప్ప సంపాదన పట్టని రాజూ పాండే, రాజ్యం లేని రాజు దోబ్రూ పాన్నా, అతని మునిమనవరాలు భానుమతి. భానుమతి భారతదేశం అన్న పేరే వినలేదు. ఆ ఘట్టం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. అందుకే పెంటకు తీసుకెళ్తాం, చెంచులతో ఫొటోలు దిగొచ్చు అని ఎవరైనా ఆశ పెడితే వద్దనండి. ఇళ్ల ముందుకి వెళ్లి కెమెరా తీసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల దగ్గర తేనె కొనండి, బేరం ఆడకండి, కూర్చోమంటే కూర్చోండి.

యుగళప్రసాద్ గుర్తున్నాడా? ఎక్కడెక్కడి నుంచో పూల విత్తనాలూ తీగలూ తెచ్చి సరస్వతీ కుండి అన్న అడవి చెరువు చుట్టూ ఎవరికీ చెప్పకుండా నాటేవాడు. నవల చదివినవాళ్లలో సగం మంది అతన్ని ప్రేమిస్తారు, నేనూ అంతే. ఒకసారి మా గుంపులో ఒకమ్మాయి నిజంగానే బంతి, కాస్మోస్ విత్తనాలు పొట్లాం కట్టుకొచ్చింది. బతిమాలి వెనక్కి సంచిలో పెట్టించాను. బయటి మొక్క అడవిలో పడితే ఏమవుతుందో చూడాలంటే దారి పక్కన లాంటానా పొదలు చూడండి, వయ్యారిభామ చూడండి. కింద గడ్డి మొలవదు, జింకకు మేత ఉండదు. మీ బూట్లకీ, సాక్సులకీ అంటుకున్న గింజలు కూడా బయల్దేరే ముందు దులిపేయండి.

ఆరోగ్యం సంగతి క్లుప్తంగా. డిసెంబరులో జలగలు ఉండవు, పిడుదులు మాత్రం ఉంటాయి. నిండు చేతుల చొక్కా, ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోవడం, సాయంత్రం ఒళ్లంతా చూసుకోవడం, ఇంతే. ఘాట్‌శిల వెళ్తే మలేరియా గురించి ముందే డాక్టర్ని అడగండి, దోమతెర తీసుకెళ్లండి. తిరిగి వచ్చాక నెల లోపు జ్వరం వస్తే వైరల్ అనుకుని ఇంట్లో పడుకోవద్దు, అడవికి వెళ్లొచ్చానని డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి. మలేరియా అయినా, పురుగు కాటు జ్వరం అయినా ఆ ఒక్క మాటతో త్వరగా తెలుస్తుంది. పాముకాటుకి కట్టు బిగించడం, కోయడం, పీల్చడం చేయకండి. కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి, లోపల సిగ్నల్ ఉండదు. తలకి పెట్టుకునే లైటు, ఒక ఈల, మనిషికి రోజుకి మూడు నాలుగు లీటర్ల నీళ్లు. మీ చెల్లెలి గురించి విడిగా అడిగారు. అటవీశాఖ బసలోనే ఉండండి, గదికి లోపలి గడియ ఉందో లేదో ముందే అడగండి. అడవి కంటే రోడ్డు పక్క లాడ్జీలే నాకు అనుమానం.

తేదీల విషయానికొస్తే, క్యాలెండర్‌లో పౌర్ణమి చూసుకుని దానికి రెండు రోజుల ముందు చేరండి. నడవకపోయినా వరండాలో కూర్చోవచ్చు. క్రిస్మస్ వారం వదిలేయండి, గదులు దొరకవు, దొరికినా పక్క గదిలో పార్టీ. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, పొద్దున ఆరింటిదాకా తీయరు, దాన్ని బట్టి బయల్దేరండి. పది రోజుల్లో నాలుగు బైర్లూటిలో, నాలుగు తలకోనలో, రెండు ప్రయాణానికి. ఘాట్‌శిల ఇంకో సెలవుకి ఉంచుకోండి.

ఏ పుస్తకం తీసుకెళ్లాలి అని కూడా అడిగారు. సూరంపూడి సీతారాం గారి 'వనవాసి' అనువాదం ఒక్కటి చాలు. ఫోన్‌లో వద్దు, కాగితం మీదే. కానీ మంచి కాపీ ఇంట్లో పెట్టి, పాతది ఏదైనా కోఠీలో కొని తీసుకెళ్లండి. అడవి బంగళాల్లో ఎలుకలు అట్ట జిగురు కోసం పుస్తకాలు కొరుకుతాయి. నాది అలాగే పోయింది, సరస్వతీ కుండి పేజీలతో సహా.